పచ్చి ఆహారంతో చర్మం పొడిబారుతోంది, పట్టికలో తప్పెక్కడ?

పెరటి మునగ

ఉప్పు, నూనె లేని పచ్చి ఆహారాన్ని మూడు నెలలు పాటించేవాళ్ల చర్మం గురించి ఈ ప్రశ్న. మొదటి రెండు మూడు వారాలు మొహం తేటపడింది, జిడ్డు తగ్గింది అంటారు. ఆరో వారం దాటాక మాట మారుతుంది. మోకాలి కింద గోటితో గీస్తే సున్నంతో గీసినట్టు తెల్ల గీత పడుతుంది. పెదాలు పగులుతాయి. స్నానం చేసి తుడుచుకోగానే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. కొందరికి మోచేతుల మీద, తొడల పక్కన చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. చలికాలం కాకపోయినా ఇదే వరస.

పట్టిక చూడండి. 60 కిలోల మనిషికి, ఒక రోజుకి:

పొద్దున క్యారెట్, బీట్‌రూట్, కీరా, టమాటా కలిపి 300 మి.లీ. రసం, అందులో ఒక టేబుల్ స్పూను తేనె, నిమ్మరసం. పదకొండింటికి 250 మి.లీ. కొబ్బరి నీళ్లు. మధ్యాహ్నం 50 గ్రాముల పెసలతో కట్టిన మొలకలు, 200 గ్రాముల కీరా టమాటా ముక్కలు, 80 గ్రాముల పచ్చి కొబ్బరి. సాయంత్రం నానబెట్టిన బాదం 5, ఖర్జూరాలు 5. రాత్రి 300 గ్రాముల బొప్పాయి, 200 గ్రాముల జామ, రెండు అరటిపళ్లు. రోజు మొత్తంలో 4 లీటర్ల నీళ్లు.

అడగదలచుకున్నది ఇంతే. పచ్చిగా తినడం వల్లే చర్మం ఎండుతోందా, లేక ఈ పట్టికలోనే ఏదైనా తక్కువైందా? ఇన్ని నీళ్లు తాగుతున్నా చర్మానికి తడి ఎందుకు అందడం లేదు? ఎక్కువ భాగం పచ్చిగానే ఉంచి దీన్ని సరిదిద్దే దారి ఉందా?

తూకం రాయి

మునగ గారూ, తూకాలతో సహా ఇచ్చారు కాబట్టి లెక్క వేయడం తేలికైంది. ఆహారం పచ్చిగా ఉండటం ఇక్కడ పెద్ద దోషం కాదు. ఈ పట్టికలో చర్మానికి కావలసిన కొవ్వు లేదు, అసలు తిండే తక్కువ.

ముందు కొవ్వు సంగతి. చర్మం పై పొరని ఇటుక గోడ అనుకోండి. చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య సున్నంలా పట్టి ఉంచేవి సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. ఆ సెరమైడ్లలో నీటిని లోపల ఆపే ముఖ్యమైన రకానికి లినోలియిక్ ఆమ్లం కావాలి. దాన్ని ఒళ్లు తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బర్ దంపతులు ఎలుకలకి కొవ్వు పూర్తిగా తీసేసిన మేత పెట్టారు. వాటి తోకలు, కాళ్లు పొలుసులు కట్టాయి, చర్మంలోంచి నీరు ఎక్కువగా పోయింది. లినోలియిక్ ఆమ్లం ఇస్తే తగ్గింది. కొన్ని కొవ్వులు తిండిలోంచే రావాలన్న సంగతి అలా బయటపడింది.

మనిషికి రోజు శక్తిలో కనీసం 2.5 శాతం లినోలియిక్ ఆమ్లం నుంచి, అర శాతం ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (తిండిలోంచే రావలసిన ఇంకో కొవ్వు ఆమ్లం) నుంచి రావాలి. 2000 కిలో క్యాలరీలు తినేవాళ్లకి అవి సుమారు 5.5 గ్రాములు, 1.1 గ్రాములు. ఇప్పుడు మీ పట్టికలో వెతకండి. 80 గ్రాముల పచ్చి కొబ్బరిలో కొవ్వు 27 గ్రాముల దాకా ఉంది, కానీ అందులో లినోలియిక్ పావు గ్రాముకి కాస్త పైన. మిగతాదంతా లారిక్ వంటి సంతృప్త కొవ్వు. 5 బాదం గింజలు ముప్పావు గ్రాము ఇస్తాయి. జామ గింజలు, మొలకలు అన్నీ కలిపినా రెండు గ్రాములు దాటదు. నూనె మానేసినవాళ్లు కొబ్బరి తింటున్నాం కదా, కొవ్వు అందుతోంది కదా అనుకుంటారు. చర్మానికి సంబంధించినంతవరకు కొబ్బరి ఆ ఖాళీని పూరించదు. వండిన తిండి తినే ఇంట్లో పోపుకీ కూరకీ వాడే నువ్వుల నూనె, వేరుశెనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె అడక్కుండానే ఆ లోటు తీరుస్తాయి. అందుకే నూనె మానిన కొన్ని వారాలకి గీతలు పడటం మొదలవుతుంది.

మోచేతుల మీద, తొడల పక్కన గరుకు అన్నారు. వెంట్రుక మొదళ్ల దగ్గర చిన్న చిన్న ముళ్లలా లేచి తురుముపీటలా తగిలితే దాన్ని ఫ్రైనోడెర్మా అంటారు, అంటే కప్ప చర్మం. ఒకప్పుడు ఇది విటమిన్ ఎ లోపమే అనుకునేవారు. ఇది ఆవశ్యక కొవ్వు ఆమ్లాల లోపమా అన్న ప్రశ్న మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1988లో పత్రం ప్రచురించారు. మీ పట్టికకి ఈ లోపం బాగా సరిపోతుంది.

ఇక మొత్తం తిండి. కూడితే సుమారు 1300 కిలో క్యాలరీలు, ప్రోటీను 31 గ్రాములు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) లెక్క కిలో బరువుకి 0.83 గ్రాములు, అంటే 60 కిలోలకి 50 గ్రాములు కావాలి. పైగా పచ్చి మొలకల్లో ప్రోటీను అరుగుదలని అడ్డుకునే పదార్థాలు కొంత మిగిలే ఉంటాయి. జింకు కూడితే 5 మిల్లీగ్రాములు దాటడం కష్టం, కావలసింది స్త్రీలకి 13.2, పురుషులకి 17. జింకు తగ్గితే నోటి మూలలు, ముక్కు పక్కలు, వేళ్ల సందులు పొట్టు రేగుతాయి.

మొదటి మూడు వారాల తేటదనం నిజమే. చక్కెర, వేపుళ్లు, బేకరీ తిండి ఆగడం వల్ల వచ్చింది అది. ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వులోంచి లినోలియిక్ కొన్నాళ్లు అందుతుంది కూడా. చర్మం పై పొర పూర్తిగా మారడానికి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు పడుతుంది. లోటు బయటికి కనిపించడానికి అంత ఆలస్యం ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. సరిదిద్దాక ఫలితం కూడా అంతే నెమ్మదిగా వస్తుంది, వారానికే తేడా లేదని పట్టిక మార్చేయకండి.

ఇలా మార్చండి. కొబ్బరి 80 నుంచి 40 గ్రాములకి తగ్గించండి. నానబెట్టిన పల్లీలు 30 గ్రాములు, నువ్వులు 15, గుమ్మడి గింజలు 15, పొడి చేసిన అవిసెలు 10 చేర్చండి. వీటివల్ల లినోలియిక్ 11 గ్రాములు, ఆల్ఫా లినోలెనిక్ 2 గ్రాములకి పైగా, ప్రోటీను నికరంగా 15 గ్రాములు పెరుగుతాయి. క్యాలరీలు 250 పెరిగి 1550 దగ్గరికి వస్తాయి. ఒక గిన్నె, 200 గ్రాములు, ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఒప్పుకుంటే ప్రోటీను 50 దాటుతుంది. ఇంత చేసినా జింకు తొమ్మిది పది దగ్గరే ఆగుతుంది. ఆ లోటు కోసం, మిగిలిన క్యాలరీల కోసం రోజుకి ఒక పూట ఉడికిన పప్పు, జొన్నరొట్టె పెట్టమని గట్టిగా చెబుతాను. నూటికి నూరు పాళ్లూ పచ్చిగానే ఉండాలన్న పట్టుదలకి చర్మం తరఫున ఒక్క కారణమూ లేదు.

క్యారెట్ రసం గురించి ఒక మాట. అందులోని పసుపు రంగు పదార్థం, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్, పేగులోంచి లోపలికి వెళ్లాలంటే కొవ్వు తోడు కావాలి. పొద్దున్నే పరగడుపున తేనెతో తాగే రసంలో కొవ్వు లేదు, కాబట్టి చాలా భాగం అలాగే బయటికి పోతుంది. ఆ గ్లాసులోనే ఒక టేబుల్ స్పూను నువ్వుల ముద్ద వేసి తిప్పండి. లేదా రసాన్ని మధ్యాహ్నం గింజలతో పాటు తాగించండి.

చెమ్మ తగ్గని గోడ

తూకం రాయి గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. నాలుగు లీటర్ల నీళ్ల ప్రశ్న మిగిలింది, అది చర్మం వైపు నుంచి చెబుతాను.

తాగిన నీరు రక్తంలోకి వెళ్తుంది, ఎక్కువైతే మూత్రంగా పోతుంది. పై పొరకి నీరు కింది పొరల నుంచి అందుతూనే ఉంటుంది. అది గాల్లోకి ఆవిరై పోకుండా ఆపే గోడ పాడవడమే పొడి చర్మం. ఓటి కుండలో ఎన్ని నీళ్లు పోసినా నిలవదు, చిల్లు పూడ్చాలి. నీళ్లు అసలు తక్కువ తాగేవాళ్లు రెండు లీటర్లకి పెంచితే కొంత మేలు ఉంటుంది. రెండున్నర తాగే మనిషి నాలుగుకి పెంచితే కాళ్ల మీద గీత చెరగదు. ఉప్పు పూర్తిగా మానేసి నీళ్లు విపరీతంగా తాగడం వేరే ప్రమాదం కూడా, ముఖ్యంగా పెద్దవాళ్లలో. రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, మగతగా ఉండటం, అయోమయం వస్తాయి.

తిండి మార్పు చర్మం మీద కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది కదా, ఈలోగా పైనుంచి గోడని కాపాడాలి. ఇక్కడే మూడు తప్పులు కలిసి వస్తాయి. వేడి వేడి నీళ్లు, ఒళ్లంతా సబ్బు, ఆ పైన సున్నిపిండితో గట్టిగా నలుగు. చర్మం సహజంగా కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు 9 నుంచి 10. పెసరపిండి, శనగపిండి నూనెని పీల్చేసే గుణం ఉన్నవి. జిడ్డు చర్మానికి మంచివే, ఎండిన చర్మంలో ఇటుకల మధ్య ఉన్న కాస్త కొవ్వు సున్నం కూడా గీరేస్తాయి.

స్నానం గోరువెచ్చటి నీళ్లతో పది నిమిషాల్లోపు ముగించండి. సబ్బు చంకలు, గజ్జలు, పాదాలు, అంతవరకే. తువ్వాలుతో అద్దండి, రుద్దొద్దు. ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపల, పూత పూయాలి. ఆరాక రాస్తే సగం పని వృథా. పెద్దవాళ్ల ఒంటికి మొత్తం రాయాలంటే ఒక్కసారికి 20 నుంచి 30 గ్రాములు పడుతుంది. చిన్న ట్యూబు నెలంతా వస్తోందంటే చాలినంత రాయడం లేదన్నమాట.

పూత ఏది? తెల్ల పెట్రోలియం జెల్లీకి మించి నీటిని ఆపేది తక్కువ, ధర కూడా తక్కువ. జిడ్డుగా అనిపిస్తే రాత్రి పూట కాళ్లకి, మడమలకి వాడండి. పచ్చి కొబ్బరినూనె తేలికపాటి పొడి చర్మానికి బాగా పనిచేస్తుంది, అదీ తడి ఒంటి మీదే. తినడానికి కొబ్బరి లోటు తీర్చదు, రాయడానికి పనికొస్తుంది, ఈ రెండూ వేర్వేరు సంగతులు. పొద్దుతిరుగుడు నూనె రాసినా మంచిదే, దానిలో లినోలియిక్ ఎక్కువ. ఆలివ్ నూనె మాత్రం వద్దు. దానిలో ఎక్కువగా ఉండే ఒలియిక్ ఆమ్లం గోడని ఇంకా సడలిస్తుంది. పొలుసులు మందంగా కట్టిన చోట 10 శాతం యూరియా క్రీము రోజూ రాస్తే పొలుసు మెత్తబడి ఊడుతుంది, కానీ చీలి రక్తం కనిపిస్తున్న మడమ మీద రాస్తే మండుతుంది. ఆ చీలిక జెల్లీతో మూతపడ్డాకే యూరియా.

పచ్చి ఆహారం మొదలుపెట్టినవాళ్లు మొహానికి కూడా పచ్చివే పూయడం చూస్తుంటాం. నిమ్మరసం, టమాటా, పచ్చి బొప్పాయి ఎండిన చర్మానికి పడవు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కాలిన మచ్చల్లా పడతాయి, అవి నెలల తరబడి నల్లగా ఉండిపోతాయి.

ఊరు కూడా లెక్కలోకి తీసుకోండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్ మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుంది, కాకినాడలోనో విశాఖలోనో సముద్రపు చెమ్మ ఉంటుంది. ఒకే పట్టిక పాటిస్తున్న ఇద్దరిలో ఒకరికి పగిలి, ఇంకొకరికి పగలకపోవడానికి అది చాలు. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా హైదరాబాద్ చలికాలంలో ఉన్నట్టే.

వాకిట్లో తులసి

చర్మం పొట్టు రేగడం లోపల పేరుకున్న విషాలు బయటికి పోతున్న గుర్తు అనీ, ఇంకో నెల ఓపిక పడితే దానంతట అదే కొత్త చర్మం వస్తుందనీ చెబుతారు కదా. పట్టిక మార్చకుండా కొనసాగిస్తే తప్పేంటి?

చెమ్మ తగ్గని గోడ

తులసి గారూ, ఈ మాట వల్లే చాలామంది ఆగాల్సిన చోట ఆగడం లేదు. విషాలని వడకట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది. చర్మం పొట్టు రేగినప్పుడు బయటికి పోతున్నది చర్మమే, దానితోపాటు నీరు. లోటు వల్ల వచ్చిన పొడిదనం కొనసాగించే కొద్దీ పెరుగుతుంది. అసలు విషాలు పోవడమే అయితే రెండో నెల కన్నా మూడో నెల మెరుగ్గా ఉండాలి. మునగ గారు చెప్పిన వరస చూడండి, ముందు బాగుండి తర్వాత చెడుతోంది. నిల్వలు అయిపోతున్న తీరు అది.

జర్మనీలో ఏళ్ల తరబడి పచ్చి ఆహారమే తింటున్న 201 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన పత్రం ఉంది. చెడు కొలెస్టరాల్ తక్కువగానే ఉంది, దాన్ని మెచ్చుకోవాలి. కానీ 38 శాతం మందిలో బి12 లోపం కనిపించింది. అదే దేశంలో 1999 నాటి ఇంకో పత్రంలో, పచ్చి ఆహారం తినే 45 ఏళ్లలోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి తప్పడమో పూర్తిగా ఆగడమో జరిగింది. ఓపిక పడితే సర్దుకునే లోటు కాదు ఇది. నెలసరి తప్పిన స్త్రీకి చర్మం కన్నా ముందు తిండి పెంచాలి.

పెరటి మునగ

ఇద్దరికీ ధన్యవాదాలు. పల్లీలు, నువ్వులు, గుమ్మడి గింజలు, అవిసెలు చేర్చాను, కొబ్బరి తగ్గించాను. పెరుగు, ఒక పూట పప్పు కూడా పెడుతున్నాను. ఇప్పుడు చేతి పని దగ్గర సందేహాలు. గింజలన్నీ పచ్చివే ఇవ్వచ్చా, ఎంతసేపు నానాలి? మొలకలు కొన్నిసార్లు జిగురు కడుతున్నాయి, ఎందుకు? పెసల బదులు రాజ్మా, శనగలు పెట్టచ్చా? ప్రోటీను కోసం పచ్చి గుడ్డు తెల్లసొన తాగుతామని కొందరు అడుగుతున్నారు.

రోటి పచ్చడి

చివరిదానితో మొదలుపెడతాను, అది చర్మానికి నేరుగా తగిలే విషయం. పచ్చి తెల్లసొన వద్దు. దానిలో ఎవిడిన్ అనే ప్రోటీను ఉంటుంది, అది బయోటిన్ అనే బి విటమిన్‌ని పట్టుకుని పేగులో వదలదు. రోజుల తరబడి పచ్చి సొన తాగితే కళ్ల చుట్టూ, ముక్కు, నోటి చుట్టూ ఎర్రగా పొట్టు రేగుతుంది, జుట్టు ఊడుతుంది. ఉడికిస్తే ఎవిడిన్ చెడిపోయి ఆ గుణం పోతుంది. గుడ్డు తినేవాళ్లయితే ఉడికించిన గుడ్డే, పచ్చసొనతో సహా.

రాజ్మా పచ్చి మొలకలు అసలే వద్దు. వాటిలోని లెక్టిన్ పచ్చిగా తింటే రెండు మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొలకెత్తినంత మాత్రాన ఆ విషం పోదు. పొంగులు వచ్చేలా బాగా ఉడికించాలి. సోయాచిక్కుడు కూడా పచ్చిగా పనికిరాదు. పెసలు అన్నిటికన్నా సులువు, తర్వాత అలసందలు. శనగలు, ఉలవలు పెట్టచ్చు, కానీ కొంచెంతో మొదలుపెట్టి ఆవిరి మీద ఉడికించి ఇవ్వండి, లేకపోతే కడుపు ఉబ్బి మనిషి మొత్తం పట్టికే వదిలేస్తాడు.

మొలకల జిగురు గురించి. 50 గ్రాముల పెసలని రెండు మూడుసార్లు కడిగి, మూడింతల నీళ్లలో 8 గంటలు నానబెట్టండి. ఎండాకాలంలో 6 గంటలు చాలు, అంతకు మించితే నీళ్లు నురగ కట్టి పులుస్తాయి. వంపేసి, మళ్లీ కడిగి, ఒక్క చుక్క నీరు కూడా అడుగున నిలవకుండా వార్చాలి. జిగురు వచ్చేది ఇక్కడే. మూటలోనో డబ్బాలోనో అడుగున నిలిచిన నీళ్లలో గింజలు కుళ్లుతాయి. ఉతికిన పల్చటి గుడ్డలో వదులుగా కట్టి, గాలి ఆడేలా వేలాడదీయండి. బిగించి కడితే మధ్యలో వేడెక్కుతుంది. ప్రతి 8 గంటలకీ మూటతో సహా కడిగి పిండండి. ఎండాకాలం 12 గంటలకే మొలక వస్తుంది, చలికాలం 24 దాకా పట్టచ్చు. మొలక సెంటీమీటరు లోపల ఉండగానే తీయండి, 50 గ్రాములు 110, 120 గ్రాముల దాకా అవుతాయి. విప్పగానే పచ్చి పెసర వాసన రావాలి. పుల్లటి వాసన వచ్చినా, వేళ్ల మధ్య తీగ సాగినా మొత్తం పారేయాలి, కడిగితే బాగవదు.

శుభ్రంగా చేసినా మొలకలకి ఒక చిక్కు ఉంది. గింజకి పట్టి వచ్చిన సాల్మొనెల్లా, ఈ.కోలై వంటి రోగక్రిములు ఆ వెచ్చటి చెమ్మలోనే గింజతో పాటు పెరుగుతాయి. గర్భిణులకి, చిన్నపిల్లలకి, అరవై దాటినవాళ్లకి, షుగరు ఉన్నవాళ్లకి పచ్చివి పెట్టకండి. ఇడ్లీ పాత్రలో పొగలు వచ్చేలా అయిదారు నిమిషాలు ఆవిరి పట్టించండి. సి విటమిన్ కొంత పోతుంది, అది జామకాయ ఇస్తుంది.

గింజలకి వద్దాం. పల్లీలు 8 గంటలు నాననివ్వండి. అంతకు ముందు పళ్లెంలో పరిచి ఒక్కొక్కటీ చూడాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు చుక్క ఉన్నవి ఏరేయండి. నోట్లో వేసుకుంటే చేదు తగిలినది ఉమ్మేయాలి. బూజు విడిచే అఫ్లాటాక్సిన్ నానబెడితే పోదు, వేయిస్తే కూడా పూర్తిగా పోదు. ఏరడమే మార్గం. నువ్వులు నాలుగు గంటలు నానబెట్టి రోట్లో నూరండి. నూరకుండా చల్లిన నువ్వులు చాలావరకు అలాగే బయటికి పోతాయి, అవిసెలు అయితే ఇంకా ఎక్కువ. అవిసెల పైపొట్టు పేగుకి లొంగదు, పొడి చేస్తేనే లోపలి నూనె అందుతుంది.

అవిసె పొడి వారానికి సరిపడా మాత్రమే కొట్టి, మూత బిగిసే సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ నూనె గాలి తగిలితే త్వరగా చెడుతుంది. మంచి పొడికి లేత గింజ వాసన ఉంటుంది, చెడినదానికి రంగు డబ్బా మూత తీసినట్టు ఉంటుంది, నాలిక మీద చేదు తేలుతుంది. పచ్చి అవిసెల్లో సయనైడ్ విడిచే పదార్థం కొద్దిగా ఉంటుంది కాబట్టి రోజుకి ఒక టేబుల్ స్పూను, మహా అయితే రెండు. పచ్చిగానే ఉండాలన్న పట్టు లేకపోతే మూకుట్లో సన్న సెగ మీద చిటపటలాడే దాకా వేయించండి, అది తగ్గుతుంది, కొట్టుకోవడానికీ సులువు.

అడగకపోయినా ఒకటి. పొద్దుటి రసంలో సొరకాయ, కీరా వేసేటప్పుడు ప్రతి కాయా ముక్క కోసి నాలిక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే పారేయాలి. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయారు, ఐసీఎమ్ఆర్ నిపుణులు కూడా చేదైతే తాగొద్దనే చెప్పారు. తేనె, నిమ్మకాయ వేసి చేదుని కప్పేయకండి. పాలకూర కూడా రోజూ పచ్చిగా గ్లాసులకొద్దీ రసం తీయొద్దు, దానిలోని ఆక్సలేట్లు మూత్రపిండాల మీద పడతాయి.

తూకం రాయి

రోటి పచ్చడి గారు చెప్పినవన్నీ పట్టికలో కలపండి. మొదట రాసినప్పుడు ఉప్పు వదిలేశాను, దాన్నీ చెప్పాలి.

పట్టికలో ఉప్పు సున్నా. మనకి అయోడిన్ ఎక్కువగా అందేది అయోడిన్ కలిపిన ఉప్పులోంచే. ఇంటికి చేరిన ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. ఆ లెక్కన 5 గ్రాముల ఉప్పు 75 మైక్రోగ్రాములు ఇస్తుంది. రోజుకి 150 కావాలి, మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, చేపల నుంచి రావాలి. ఉప్పు, పాలు, గుడ్డు, చేప నాలుగూ మానేస్తే అయోడిన్ దాదాపు ఆగిపోయినట్టే. సైంధవ లవణం ఆ లోటు తీర్చదు. దానికి తోడు రోజూ పచ్చి క్యాబేజీ, ముల్లంగి ఎక్కువగా తింటే ఉన్న కాస్త అయోడిన్‌ని థైరాయిడ్ వాడుకోవడం కూడా కష్టమవుతుంది. థైరాయిడ్ మందగిస్తే మొదట పాడయ్యేవాటిలో చర్మం ఒకటి. బిరుసుగా, చల్లగా, పొడిగా అవుతుంది. కాబట్టి రోజుకి అర టీ స్పూను అయోడిన్ ఉప్పు పట్టికలోకి తిరిగి రావాలి. రక్తపోటు మందులు వాడేవాళ్లు తమ డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

అరచేతులు పసుపుగా మారాయని ఎవరైనా చెబితే ముందు కళ్లు చూడండి. కళ్లలో తెలుపు తెల్లగానే ఉండి, అరచేతులు, అరికాళ్లు మాత్రం పసుపు పచ్చగా ఉంటే అది ఎక్కువగా క్యారెట్, బొప్పాయి వల్ల. రసం సగం చేస్తే కొన్ని వారాల్లో పోతుంది. కళ్లు కూడా పచ్చబడితే కామెర్లు, ఆ రోజే డాక్టరు దగ్గరికి. థైరాయిడ్ మందగించినా కెరోటిన్ పేరుకుని అరచేతులు పసుపెక్కుతాయి. అందుకే పసుపు చేతులు, పొడి చర్మం, మలబద్ధకం, చలి ఎక్కువగా వేయడం కలిసి ఉంటే రసం తగ్గించి ఊరుకోకుండా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు పరీక్షకి రెండు మూడు రోజుల ముందే ఆపాలి. థైరాయిడ్ మందగిస్తే టీఎస్‌హెచ్ పెరగాలి, కానీ ఆ మాత్ర కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపించి అసలు లోపాన్ని దాచేస్తుంది.

టీఎస్‌హెచ్‌తో పాటు బి12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), పరగడుపు షుగరు, క్రియాటినిన్ (మూత్రపిండాల పని) ఒకేసారి చేయిస్తే సరి. పాలు కూడా మానేసినవాళ్లకి బి12 మాత్ర తప్పనిసరి, మొలకల్లో అది ఉండదు. వేళ్ల కణుపుల మీద, గోళ్ల చుట్టూ చర్మం నల్లబడటం బి12 తగ్గిన గుర్తుల్లో ఒకటి. మన రంగు ఒంటి మీద దాన్ని ఎండ నలుపు అనుకుని వదిలేస్తారు.

చిన్నప్పటి నుంచీ కాళ్ల మీద చేప పొలుసులు ఉన్నవాళ్లు, ఇంట్లో ఉబ్బసం, ఎగ్జిమా ఉన్నవాళ్లు, మొటిమలకి విటమిన్ ఎ రకం మాత్రలు మింగుతున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్ల పొడిదనం పట్టిక మార్చినా పోదు, చర్మ వైద్యుడికి చూపించాలి.

మిగతావాళ్లకి కొత్త పట్టిక మొదలుపెట్టిన రోజున, మోకాలి కింద ఒకే చోట, పూత ఏమీ రాయక ముందు, గోటి గీతని ఫోటో తీసి పెట్టమనండి. మళ్లీ నాలుగో వారం, ఎనిమిదో వారం అదే వెలుతురులో తీయాలి. బరువు కూడా ఆ రోజే రాయండి. ఎనిమిదో వారానికి గీత అలాగే ఉండి బరువు తగ్గుతూ పోతుంటే క్యాలరీలు ఇంకా చాలలేదు. రాత్రి పూట పళ్లతో పాటు ఒక కప్పు వండిన అన్నం, పప్పు, ఒక టీ స్పూను నువ్వుల నూనె పెట్టండి.